ఎర్రిస్వామి మార్చిన పేరు

ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లుల వెనక వీధిలో, ఒక రేకుల ఇంట్లో ఎర్రిస్వామి ఉంటాడు. ఏడేళ్లప్పుడు వచ్చిన జ్వరం అతని చూపు తీసుకుపోయింది. చూపులేనివాళ్ల బడిలో చదివి, కంప్యూటరు నేర్చి, ముప్ఫై ఏళ్లు దాటాక దానికొక తెలుగు గొంతు తయారుచేశాడు. తెర మీది అక్షరాలను ఆ గొంతు పైకి చదువుతుంది. వినేవాళ్లకు మన పక్క మనిషే చదువుతున్నట్టు ఉంటుంది. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ చుట్టూ ముప్ఫై ఎనిమిది మంది చూపులేనివాళ్లు దాంతోనే చదువుకునేవాళ్లు. వాళ్లందరి ఫోన్ నంబర్లూ అతనికి నోటికి వచ్చు.

ఆ సోమవారం అతను గొంతులో ఒక చిన్న దోషం సరిచేసి, కొత్త ఫైలు అందరికీ పంపాడు. తన కంప్యూటర్లో పదిసార్లు పలికించి చూసుకున్నాకే పంపాడు.

మంగళవారం పొద్దున ఎమ్మిగనూరు నుంచి మధుసూదన్ ఫోన్ చేశాడు. మగ్గాల ఇంట్లో పుట్టినవాడు, ఎర్రిస్వామికి బడిలో తోటివాడు.

"ఏం సేసినావప్పా? నా కంప్యూటరు మూగదైపాయె."

"నాది బాగనే మాట్లాడతాంది కదా!"

"నీది మాట్లాడితే నాకేం లాభం?"

మధ్యాహ్నానికి పదకొండు ఫోన్లు వచ్చాయి. ఆఖరిది మద్దికెర నుంచి పద్మది. ఆదివారం టీచరు ఉద్యోగం పరీక్ష. వయసు లెక్కన ఆమెకు అదే ఆఖరి అవకాశం. పాఠాలన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి.

"అన్నా, సాయంత్రానికి సరైపోతాదా?" అని అడిగింది.

"సరిజేస్తామ్మా," అన్నాడు ఎర్రిస్వామి. ఆ మాట అన్నప్పుడు తప్పు ఎక్కడుందో అతనికి తెలియదు.

తన ఒక్కడి కంప్యూటరే ఎందుకు మాట్లాడుతోంది? చాలాసేపటికి గుర్తొచ్చింది. గొంతు పనంతా ఒక లైబ్రరీ ఫైలులో ఉంటుంది. చదివే ప్రోగ్రాములన్నీ ఆ ఒక్క ఫైలునే వెతుక్కుంటూ వస్తాయి. మూడేళ్ల కిందట పరీక్షించడానికి తయారుచేసిన పాత ఫైలు అతని కంప్యూటర్లో ఇంకో ఫోల్డరులో పడి ఉంది. ముందు అక్కడే వెతకమని అప్పుడు తానే కంప్యూటరుకు చెప్పిపెట్టాడు. అంటే పదిసార్లు పలికింది పాతది. కొత్తది ఒక్కసారి కూడా నోరు తెరవలేదు.

ఒళ్లు మండింది. ఆ కోపంలో పాత ఫోల్డరును చెరిపేశాడు.

గది నిశ్శబ్దమైపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. తప్పేమిటో తెర మీద రాసే ఉంటుంది. దాన్ని చదివి వినిపించాల్సిన గొంతే పోయింది. ఫోనుతో ఫొటో తీసి చదివించబోతే, తెర మీద కిందిగీతలతో అతికించి ఉన్న పొడుగాటి ఇంగ్లీషు పేర్లను ఫోను సగం మింగి సగం కక్కింది.

భార్య అంబమ్మ పత్తి మిల్లు నుంచి ఆరింటికి వచ్చింది. ఏడో తరగతి వరకు చదివింది. తలలో దూది పీచు కూడా దులుపుకోనివ్వకుండా ఆమెను తెర ముందు కూర్చోబెట్టాడు.

"ఏముందో ఒక్కో అక్షరం సదువు."

"యు... ఎన్... డి... ఈడ గీత ఉంది. పైన కాదు, కింద."

అలా గంటసేపు చదివింది. అర్థమయ్యేసరికి ఎర్రిస్వామి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ప్రోగ్రాముకు కొత్త ఫైలు దొరికింది. ఫైలులో ఒక్కో పనికీ ఒక పేరుంటుంది; ప్రోగ్రాము పిలిచే పాత పేరుతో మాత్రం అందులో ఏ పనీ లేదు. పేరు బాగలేదని పోయిన వారం తానే మార్చాడు. పాత పేరుతో పిలిచే ప్రోగ్రాములున్నాయని తట్టలేదు. పాత ఫైలును దాచుకోవాలనీ తట్టలేదు.

"నువ్వు కావాలని సేసినావా ఏమన్నా?" అంది అంబమ్మ.

"తెలిసి సేసినా తెలీక సేసినా వాళ్ల నోర్లు మూసింది నేనే."

పాత పేరును మళ్లీ చేర్చాలి. చూపున్నవాడికి అరగంట పని. అతను గుడ్డిగా మీటలు కొట్టాడు, అంబమ్మ అక్షరాలు చదివింది. ఆమె ఒక చుక్కను చూడకపోతే పూట పోయేది. బుధవారం, గురువారం ఆమె మిల్లుకు పోలేదు. ఒకటి కుదిరితే ఇంకో పేరు లేదని వచ్చేది. అతను మార్చినవి మొత్తం నాలుగు పేర్లు. గురువారం ఇద్దరూ అరుచుకున్నారు. "నాకీ ఇంగిలీసు రాదని నీకు తెల్దా?" అని ఆమె ఏడ్చింది. అతనూ ఏడ్చాడు.

శుక్రవారం సాయంత్రం గొంతు పలికింది. సంతోషించే ఓపిక ఎవరికీ లేదు.

మూగబోయిన కంప్యూటర్లకు కొత్త ఫైలు వచ్చిందని చెప్పేదెవరు? ఎర్రిస్వామే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఏ మీట ఎన్నిసార్లు నొక్కాలో చెప్పాడు. శనివారం రాత్రికి చాలామందివి మాట్లాడాయి. మధుసూదన్ మాత్రం "ఇప్పుడొద్దులే" అని పెట్టేశాడు. పద్మ ఫోన్ ఎత్తలేదు.

ఆదివారం ఎర్రిస్వామి, అంబమ్మ పత్తికొండ మీదుగా మద్దికెరకు బస్సులో పోయారు. పరీక్ష ముగించుకుని వచ్చేసరికి పద్మ కంప్యూటరు సరిచేసి పెడదామనుకున్నారు. పదకొండింటికి ఇల్లు చేరారు. వాకిట్లో పద్మ తల్లి ప్రేమలత టమోటాలు ఏరుతోంది.

"పద్మ ఇంట్లోనే ఉంది," అంది.

"పరీక్ష?"

"పోలేదు."

లోపలి నుంచి పద్మే మాట్లాడింది. గొంతులో కోపం లేదు. "ఎవురన్నా సదివి పెడతారేమో అని నాలుగు దినాలు సూసినా. అందరికీ కూలి పనులే. రెండేండ్లు సెవులతో సదివినానన్నా. ఆఖరు వారం ఏం ఇనకుండా పోయి, నా బదులు రాసే మనిషికి ఏం సెప్పల్ల? ధైర్యం సాల్లేదు."

ఎర్రిస్వామి చేయి చాచాడు. "కంప్యూటరు ఇయ్యమ్మా, సరిజేస్తా," అన్నాడు.

"ఇంగ దేనికన్నా?"

అయినా అంబమ్మ తెచ్చి అతని ముందు పెట్టింది. పావుగంటలో గొంతు వచ్చింది. ఆగిపోయిన చోటు నుంచి పాఠం చదవడం మొదలుపెట్టింది. పద్మ లేచి వాకిట్లోకి పోయి తల్లి పక్కన కూర్చుంది. ఎర్రిస్వామి తడుముకుని దాన్ని ఆపేశాడు.