ఎనిమిదో లేను చివర

షెఫీల్డ్‌లో అంతర్జాతీయ ఈత పోటీలు జరిగిన వేసవి, ఆసుపత్రిలో నా డ్యూటీల రోటా మార్పించుకుని మరీ వాలంటీరుగా వెళ్ళాను. నా పని బుట్ట మోయడం. ఈదబోయేవాళ్ళు విప్పిన బట్టలు, చెప్పులు అందులో వేస్తే, కొలను అవతలి గట్టుకు చేర్చాలి. ఎమ్మెస్సీ చదివిన నర్సుకి బుట్టలు మోసే పనా అని మావారు నవ్వారు. మీ ఆఫీసు మీటింగుల కంటే నయమే అన్నాను.

కొలనులో తాళ్ళు కట్టి విడదీసిన ఎనిమిది వరసల్లో నాకొచ్చింది ఎనిమిదో లేను. అందులో ఒక చిన్న ద్వీపదేశపు అమ్మాయి. వాళ్ళ జట్టంతా ఇద్దరే. దీవిలో ఈతకొలను లేదు, సాధన సముద్రంలోనే. కోచ్ దూరంగా పడవలో కూర్చుంటాడు. అలల్లో దారి తప్పకుండా పది బారలకోసారి తల ఎత్తి ఆ పడవను చూసుకోవాలి. కొలనులో ఆ అలవాటే ఆమెకు చేటు. తల ఎత్తినప్పుడల్లా వేగం పడిపోతుంది.

"గెలవనని తెలుసు ఆంటీ," అంది. వాళ్ళ దీవిలోనూ పెద్దవాళ్ళను ఆంటీ అనే అంటారట. "తల ఎత్తకుండా యాభై మీటర్లూ ఈదాలి, అంతే. ఏ పోటీలోనూ కుదరలేదు. ఇక్కడ కోచ్‌ని పైన గ్యాలరీలో కూర్చోబెట్టారు. అవతలి గట్టున మీరుంటారుగా? ఉన్నారని తెలిస్తే ఎత్తను."

"ఉంటాను. నువ్వు భయపడకు."

బుట్టతో వెళ్ళి లేను చివర నిలబడ్డాను. సూపర్‌వైజరొచ్చాడు, తెల్లజుట్టాయన.

"లవ్, బుట్ట అక్కడ పెట్టేసి మీరు తలుపు వెనక్కి రావాలి." ఇక్కడివాళ్ళు ఏ ఆడమనిషినైనా అలాగే పిలుస్తారు.

"ఎవరికి అడ్డమొచ్చాను?"

"రూలు అంతే."

"ఎక్కడ రాసుంది? చూపించండి."

తలుపు దగ్గర గోడకు అంటించి ఉందన్నాడు. వెళ్ళాను. కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను. బుట్టల గురించి ఉంది గానీ మనుషుల గురించి ఎక్కడుందని నిలదీస్తుండగానే వెనక పోటీ మొదలైన కూత వినబడింది. ఒక్క మాటలో తేల్చేసి వెళ్దామనుకున్నాను.

తేల్చాను కూడా. "సరే, నిలబడండి తల్లీ," అన్నాడాయన.

నేను గట్టు చేరేసరికి ఆ పిల్ల గోడ పట్టుకుని రొప్పుతోంది. మిగతా ఏడుగురూ అప్పటికే నీళ్ళలోంచి బయటికొస్తున్నారు.

బుట్ట అందించాను. టవల్ తీసుకుని ముఖం ఒత్తుకుంది.

"సగం దాకా ఎత్తలేదు ఆంటీ," అంది. "తర్వాత ఒక్కసారి ఎత్తాను. మీరు కనబడలేదు. ఇంక ఎత్తుతూనే ఉన్నాను."

నిష్ఠూరంగా అనలేదు. జరిగింది చెప్పింది, అంతే.

 వంగి, బుట్టలోంచి చెప్పులు తీసి ఆమె పాదాల ముందు సరిగా పెట్టాను.

"థాంక్యూ ఆంటీ," అని వేసుకుని వెళ్ళిపోయింది.