ముక్కు బావ మూసిన పెట్రోలు మూత

ముక్కు బావ షెడ్డు మూసేశాడనీ, బాగున్న కార్లకు లేని రోగాలు అంటగడుతున్నాడనీ ఎవరెవరో ఏదేదో చెప్పుకుంటున్నారు. ఒకాయనైతే బావకు మతిమరుపు వచ్చిందని కూడా అనేశాడు. అదేమీ నిజం కాదు. ఆయన బుర్ర బంగారంలా ఉంది. పోయింది వాసన ఒక్కటే. జరిగింది జరిగినట్టు చెబుతాను, వినండి.

బావ పాత కార్ల మెకానిక్. మా వీధికంతటికీ బావే. పెట్రోలు ట్యాంకు మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి పీలిస్తే చాలు, "ఇది నిలవ పెట్రోలు, వార్నిష్ వాసన కొడుతోంది" అనేవాడు. కారు కిందికి దూరి వేళ్ళ కణుపులతో ట్యాంకును తట్టి, లోపల తుప్పు రాలుతోందో లేదో చెప్పేవాడు. గాజుసీసాలోకి కాస్త పెట్రోలు పట్టి, వెలుతురుకు ఎదురుగా పెట్టి, అడుగున నీళ్ళు చేరాయేమో చూసేవాడు. తట్టడం, చూడడం ఎవరైనా చేస్తారు గానీ, ఆయనకు పేరు తెచ్చింది మాత్రం ఆ ముక్కే.

మొన్నటి చలికాలంలో జ్వరం తగిలి ఆ ముక్కు కాస్తా మూగబోయింది. జ్వరం వెళ్ళిపోయింది, వాసన తిరిగి రాలేదు. బావ ఎవరితోనూ అనలేదు. మూత తీయడం, ముక్కు దగ్గర పెట్టడం, పెద్దగా తలూపడం, అన్నీ మామూలే. ఈ సంగతి బయటపడితే ఇక షెడ్డుకు బండి ఎవరు తెస్తారు? ఆయన దిగులంతా అదే.

అక్కకు, అంటే ఆయన భార్యకు, ఎప్పుడో తెలిసిపోయింది. ఆమె షెడ్డు పక్క గదిలో బట్టలు కుడుతుంది. ఒకరోజు పాలు అడుగంటి, మాడు వాసన వీధిలోకి వచ్చేస్తుంటే, పొయ్యికి వీపు పెట్టి కూర్చున్న ఈ మహానుభావుడు తీరిగ్గా పేపరు తిప్పుకుంటున్నాడట. ఆమె గిన్నె దించి తోమేసింది. ఆ రోజు నుంచి షెడ్డులో వెల్డింగు మొదలయ్యే ముందు ఏదో వంకతో వచ్చి, గట్టిగా గాలి పీల్చి, పెట్రోలు వాసన లేదని తేల్చుకుని పోయేది.

"నా కత్తెర ఇక్కడేమైనా పెట్టానా?"

"షెడ్డులో కత్తెరేమిటే, నీ మొహం!"

"అయితే లోపలే ఉందేమోలెండి."

అలాంటి రోజుల్లో డ్రాయింగు మాస్టారు వచ్చారు. రిటైరయ్యాక ఇంట్లో పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నారు. ఆయన కారు ఆయన కూతురికంటే పెద్దది.

"ఏమయ్యా, వెనక సీట్లో ఒకటే పెట్రోలు వాసన. మా ఆవిడ ముక్కు మూసుకుని కూర్చుంటోంది. కాస్త చూడు."

"ఆవిణ్ణా, కారునా మాస్టారూ?"

"ఆవిణ్ణి చూసుకోడానికి నేనున్నాలే. కారు చూడు."

బావ మూత తీసి పీల్చాడు. ఏమీ తెలియలేదు. మూత చుట్టూ కాస్త చెమ్మ కనిపించింది. ఇక్కణ్ణుంచే అయ్యుంటుందనుకున్నాడు. వాసన ఆగిందో లేదో తెలుసుకునే దారి తనకు లేదు కదా, అందుకని ఒకటికి రెండు జాగ్రత్తలు పడ్డాడు. పాత ట్యూబు కోసి, మూత లోపల మందంగా రబ్బరు బిళ్ళ అతికించాడు. ఆ కారు మూతకు సన్నటి కన్నం ఒకటి ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ దాంట్లోంచి గాలి లోపలికి పోవాలి, లేకపోతే ఇంజనుకు పెట్రోలు అందదు. వెనకటి బావ అయితే ఆ కన్నం జోలికి పోయేవాడే కాదు. బెదురులో బిళ్ళ సరిగ్గా దాని మీదే పడింది.

ఇక చూడండి. కారు కాసేపు హాయిగా పరిగెత్తేది, వంతెన ఎక్కేసరికి దగ్గి దగ్గి ఆగిపోయేది. మాస్టారు దిగి పచార్లు చేసి మళ్ళీ తాళం తిప్పితే, ఏమీ ఎరగనట్టు బయల్దేరేది. బావ ఫిల్టరు మార్చాడు. ట్యాంకు దించి కడిగాడు. పంపు విప్పి బిగించాడు. కారు మళ్ళీ ఆ వంతెన మీదే ఆగింది. పైగా వెనక సీట్లో వాసన ఎక్కడిదక్కడే ఉంది.

బావ అన్నం సరిగ్గా తినడం మానేశాడు. అక్క ఇక ఆగలేకపోయింది.

"మీరూ మాస్టారూ ముందు కూర్చోండి. నేను వెనక కూర్చుంటాను."

"నువ్వెందుకే?"

"చల్లగాలికి."

"అద్దాలు దిగని కార్లో చల్లగాలా?"

"మీకెందుకు, పదండి."

మాస్టారు నడిపారు. కారు మాట తప్పలేదు, వంతెన మీదే ఆగింది. ఈసారి బావ దిగి, వెంటనే పెట్రోలు మూత తిప్పాడు. "స్స్స్" మంటూ ట్యాంకు గాలి లాక్కుంది, నీళ్ళలోంచి పైకి తేలిన మనిషిలా. షెడ్డుకు చేరి నిలబడేసరికి గాలి మెల్లగా దూరిపోయేది కాబట్టి, అక్కడ ఎన్నిసార్లు మూత తీసినా ఈ చప్పుడు వినపడలేదు.

"ఇప్పుడు తిప్పండి మాస్టారూ."

ఇంజను టక్కున అందుకుంది. బావ చేతిలో మూత, మూతలో తను అతికించిన బిళ్ళ. కన్నం మీద కూర్చున్న ఆ బిళ్ళను గోటితో పీకేశాడు.

లోపలినుంచి అక్క కేకేసింది. "ఏవండీ, వాసన అక్కడిది కాదు. నా వెనక, డిక్కీలోంచి కొడుతోంది."

డిక్కీలో అట్ట ఎత్తి చూశారు. మూత దగ్గర్నుంచి ట్యాంకులోకి దిగే రబ్బరు గొట్టం సన్నగా నెర్రెలు విచ్చి తడిగా ఉంది.

బావ మూత తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాడు. "మాస్టారూ, చలికాలం నుంచి నాకు వాసన తెలియడం లేదు. మూతకున్న కన్నం మూసింది నేనే. ఇక మీరు వేరే మెకానిక్‌ను చూసుకుంటానన్నా నేనేమీ అనుకోను."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఒక కంటికి శుక్లం ఆపరేషనైంది కదా, ఆ కంటికి తెలుపు తెల్లగా, ఈ కంటికి పచ్చగా కనబడుతోంది. పిల్లలు రంగులేస్తే ఏ కన్ను మూసి చూడాలో తెలియక, అన్నీ బాగున్నాయనేస్తున్నా. నేనెవరికైనా చెప్పానా? గొట్టం మార్చు, ఇంటికి పోదాం."

"నాకైతే పాలు మాడిన రోజే తెలుసు," అంది అక్క.

"తెలిసి చెప్పలేదా?"

"చెబితే కత్తెర వెతకడానికి వంక ఉండదుగా!"

ఇప్పుడు షెడ్డులో ఇద్దరిదీ పని. బావ తడతాడు, వింటాడు, సీసా వెలుతురుకు పెడతాడు. అక్క మిషను ఆపి వచ్చి మూత వాసన చూస్తుంది. "పాత పెయింటు డబ్బాలా ఉంది" అంటే నిలవ పెట్రోలు అని ఆయనకు అర్థం. ఎవరైనా ముక్కు అక్కా అని పిలిస్తే మాత్రం టేపు తీసుకుని వెంటపడుతుంది.

ఆమె కుట్టిన బట్టలిచ్చి రావడానికి వెళ్ళినప్పుడు, బావ షట్టరు సగం దించి, నిప్పుతో పని ముట్టకుండా కూర్చుంటాడు. మూసేశాడన్న పుకారు అక్కడ పుట్టింది. కానీ బావ సంగతి నాకు తెలుసు. అర్జెంటని ఎవరైనా బతిమాలితే మెత్తబడి వెల్డింగు అందుకున్నా అందుకుంటాడు. అందుకే చెబుతున్నా, అటుగా వెళితే షట్టరు కిందనుంచి ఒకసారి తొంగి చూడండి. అక్క కనబడకపోతే లోపలికి వెళ్ళి, గట్టిగా గాలి పీల్చి, పెట్రోలు వాసన వస్తోందో లేదో బావకు చెప్పి మీ దారిన మీరు వెళ్ళండి. వంక కావాలంటే కత్తెర గురించి అడగండి.