ఐరేని కుండలో నీళ్లు

నిన్న మా వీధి మోరీలో దోమల మందు కొట్టారు. ఆ ఘాటుకు, నా చిన్నప్పుడు మేం వలస వెళ్లిన ఉన్ పట్టణంలోని మా పాత గది గుర్తొచ్చింది.

అప్పుడు మేనత్తకు పెళ్లయిన కొత్త. పెళ్లిలో నీళ్లు నింపి పూజించిన రెండు ఐరేని కుండలను పదహారు రోజుల పండుగ దాకా కదపకూడదు. వాటి పక్కనే కొత్త మామ చలిజ్వరంతో వణుకుతున్నాడు. మూత సరిగా పడని ఆ కుండల్లో మెలికలు తిరిగే పురుగులను నేను చేపపిల్లలనుకున్నాను.

ఒక పొద్దున ఇళ్లు తనిఖీ చేస్తూ వచ్చిన మున్సిపాలిటీ మనిషి మూత తీశాడు. దోమలు ఇందులోనే పుడుతున్నాయని హిందీలో అరుస్తూ కాలితో తన్నాడు. ఒక కుండ పగిలింది.

"నా చెల్లె పెండ్లి కుండ తంతవారా?"

నాన్న అతని తలను గోడకేసి కొట్టాడు. కిందపడ్డాక కడుపులో తన్నాడు. నేల మీది నీళ్లు ఎర్రబడ్డాయి. చేపపిల్లలు చచ్చిపోతున్నాయని నేను ఏడ్చాను.

"అన్నా, సంపుతవా ఏంది? ఇడువు!" అత్త అడ్డం పడింది.

అతను రక్తం ఉమ్మి, మామ వైపు వేలు చూపించి, ఆ జ్వరం ఈ దోమల వల్లేనన్నాడు. అత్త రెండో కుండ ఎత్తుకెళ్లి మోరీలో ఒంపింది.

"అపశకునమే!" నాన్న అరిచాడు.

"మనిషి బతికితెనే గద పండుగ!"

మామ కోలుకున్నాడు. ఇప్పుడు మా పెళ్లిళ్లలో అత్త ఐరేని కుండల్లో బియ్యమే పోయిస్తుంది. దెబ్బలు తిన్న ఆ మనిషి పేరు మాత్రం మేమెవరం అడగలేదు.