రెండు ఎడమచేతుల కోటు

టైలర్ షాపు పిన్ని దగ్గర గుండీలు కుట్టే కుర్రాడున్నాడే, ఆవిడ అక్క కొడుకు, వాడికి ఒకటే పిచ్చి. కనపడ్డవాళ్ళనల్లా గురువుల్ని చేసేసుకుంటాడు. పాతికేళ్ళొచ్చాయి, మీసమొచ్చింది, జ్ఞానమొక్కటే రావాలట. అందుకే అందరూ వాణ్ణి శిష్యుడంటారు.

బ్యాంకు వాచ్‌మన్ నిలబడే నిద్రపోతాడు. ఆయన గురక లోపల లాకర్లకి కూడా వినపడుతుంది. వీడెళ్ళి ఆయన ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని, "గురువుగారూ, మనశ్శాంతి అంటే ఏంటి?" అన్నాడు.

ఆయన ఉలిక్కిపడి, "దొంగ! దొంగెక్కడ?" అన్నాడు.

"ఆహా! మనలోనే ఉన్నాడు!" అని వీడు కళ్ళు మూసేశాడు.

తర్వాత పళ్ళ డాక్టరు దగ్గర టోకెన్లిచ్చే ఆవిడ. "కూర్చోండి, పిలుస్తాను" అందట. పుట్టి బుద్ధెరిగాక అంత గొప్ప ఉపదేశం వినలేదని, పన్నునొప్పి లేకుండానే వారమంతా అక్కడే కూర్చున్నాడు.

"నీ మోక్షం మండిపోనూ! ఈ గుండీలెవడు కుడతాడ్రా?" అనేది పిన్ని.

"గుండీలు అశాశ్వతం పిన్నీ."

"జీతం కూడా అంతే నాన్నా!"

ఇంతలో షాపుకే ఎసరొచ్చింది. షాపంతా నడిచేది కటింగ్ మాస్టారి కత్తెర మీద. అంతటి మనిషీ ఓ పెళ్ళికొడుకు కోటుకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించేశాడు. పెళ్ళికొడుకు తొడుక్కున్నాడా, కుడిచెయ్యి వెనక్కి తిరిగి గోడకి టాటా చెప్తోంది! షాపంతా నవ్వింది. అందరికంటే గట్టిగా పిన్నే నవ్వింది. మాస్టారు కత్తెర బల్లమీద పెట్టి, ఇంటికెళ్ళి తలుపేసుకున్నాడు. పిన్ని వెళ్ళి ఎంత బతిమాలినా తియ్యలేదు. కత్తిరించే దిక్కులేక గుడ్డలు పైకప్పుని తాకుతున్నాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే షాపుకి తాళమే.

సరిగ్గా అప్పుడే శిష్యుడు మధ్యాహ్నాలు మాయమవడం మొదలెట్టాడు.

"కొత్త గురువు దొరికాడు పిన్నీ. తలుపు కూడా తియ్యడు. ఎంత వైరాగ్యమో!"

పిన్నికి ఒళ్ళు మండిపోయింది. మెళ్ళో కొలతల టేపుతోనే వాడి వెనకాల బయల్దేరింది. వెళ్ళి చూస్తే, అది మాస్టారి గుమ్మం!

"గురువుగారూ, జ్ఞానం అంటే ఏంటి?"

లోపల్నుంచి, "పోరా!"

"రేపు రమ్మంటారా?"

"ఎప్పుడూ రాకు!"

వీడు తాపీగా అరుగుమీద గుడ్డ పరిచి, సుద్దముక్కతో రెండు కోటు చేతులు గీసి, కత్తెర ఆడించాడు. కిటికీ రెక్క వేలెడంత తెరుచుకుంది.

"ఒరేయ్ ఒరేయ్! రెండూ ఎడమచేతులేరా!"

"అలాగా? నాకేం తేడా కనపళ్ళేదే."

తలుపు దడాలున తెరుచుకుంది. మాసిన గడ్డంతో, బనీనుతో మాస్టారు ఊడిపడి వాడి చేతిలో సుద్దముక్క లాక్కున్నాడు. "గుడ్డని మంచివైపు మంచివైపుకి ఆనేలా మడతపెట్టి కత్తిరిస్తేనేరా ఒకటి కుడి, ఒకటి ఎడమ వచ్చేది, గాడిదా! లేకపోతే ఇంతే. ఇంత అనుభవమున్న నేనే చెయ్యలా?" అని, తనే ఫక్కున నవ్వేశాడు.

వాడు కత్తిరించింది షాపు కోసం కొన్న కొత్త పరదా గుడ్డ అని పిన్ని గుర్తుపట్టింది. అయినా మొదటిసారి వాణ్ణి తిట్టలేదు. ముందుకెళ్ళి, "మాస్టారూ, ఆరోజు నేను నవ్వకుండా ఉండాల్సింది" అంది.

"అంత చక్కటి కోటు చూస్తే ఎవరికి నవ్వురాదమ్మా? టీ పెట్టనా?"

తిరిగొచ్చేటప్పుడు పిన్ని అడిగింది. "ఆ వాచ్‌మన్ దగ్గరికెందుకెళ్ళావురా?"

"ఆయన్నెవరూ పలకరించరు పిన్నీ."

"టోకెన్లావిడ?"

"అందరూ ఆవిణ్ణి తిట్టేవాళ్ళే."

"మరి జ్ఞానం దొరికిందా?"

"ఇంకా లేదు. టీలు మాత్రం బాగా దొరుకుతున్నాయి."

మర్నాడు మాస్టారి కత్తెర మళ్ళీ మోగింది. సాయంత్రం అందరూ ఇళ్ళకి పరిగెత్తారు. పిన్ని ఎప్పట్లాగే పనేదో ఉన్నట్టు మిషన్ దగ్గరే ఉండిపోయింది, ఇంట్లో ఎదురుచూసే మనిషి లేక. చూస్తే, ఎదురుగా బాసింపట్టు!

"గురువుగారూ..."

"లే! నాకేం తక్కువైందని నన్ను గురువుని చేస్తావురా?"

వాడు కళ్ళు మూసుకున్నాడు.

పిన్ని నోరునొప్పి పుట్టేదాకా తిట్టింది. తర్వాత గుండీల డబ్బా వాడి ఒళ్ళోకి తోసి, తన కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంది.

"కళ్ళు తెరువు. మొదటి ఉపదేశం, సూదిలో దారం ఎక్కించు."