తడిగుడ్డ మీద మోపిన నేరం

2011 సెప్టెంబరు. రంజాన్ పండగ వెళ్ళి మూడు వారాలైనా కువైట్ జహ్రాలో ఎండ తగ్గలేదు. అప్పటికి రిగ్గైలో ఒక శాటిలైట్ షాపు తరఫున పన్నెండేళ్ళుగా డిష్‌లు బిగిస్తున్నాను. కువైట్‌లో నేనెక్కని మిద్దె లేదని అందరికీ చెబుతుంటాను. ఒకటో రెండో మిగిలి ఉండొచ్చు.

ఆ శనివారం మధ్యాహ్నం అన్నంలో చెయ్యి పెట్టానో లేదో జహ్రా నుంచి ఫోను. రెండు నెలల ముందు నేనే అరవై అంగుళాల హెచ్‌డీ టీవీ, రిసీవరు బిగించి వచ్చిన ఇల్లు. పనివాళ్ళంతా మామా అని పిలిచే ఇంటావిడ గొంతు.

"బొమ్మ పగిలిపోతోంది. నాలుగింటికి మ్యాచ్, మా ఆయన స్నేహితులు వస్తారు. యల్లా, తొందరగా రా."

పోయి చూస్తే నిజమే. ఆ ఛానల్లో ఏదో పాత మ్యాచ్ వస్తోంది. ఆటగాడు నిలబడి ఉంటే గడ్డంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. వాడు పరుగెత్తాడా, కాళ్ళు ఇటుకముక్కలైపోతాయి, పచ్చిక ముతక తివాచీలా గళ్ళుగళ్ళుగా మారుతుంది. ఆ రోజు ఒక్కచోట నిలకడగా నిలబడలేదు నేను. కేబులు మార్చాను, మిద్దెక్కాను, దిగాను, సెట్టింగులన్నీ తిప్పి మళ్ళీ మిద్దెక్కాను. మీటర్లో సిగ్నల్ నిండుగా ఉంది. గడియారం మూడు దాటింది.

మూడోసారి మెట్లెక్కుతుంటే పనిమనిషి రెడ్డెమ్మ ఎదురైంది. మా రాయచోటి వైపు మనిషే. 

"అన్నా, బాగవుతాదా?"

"కాకుండా ఏమి. నీకెందుకంత దిగులు?"

"నేనే చెడగొట్టినానంట. తడిగుడ్డతో తుడిస్తి. సోమవారం నా టికెట్టు. టీవీ బాగైతేనే పాస్‌పోర్టు ఇస్తా, లేకుంటే సెలవు ఖలాస్ అంటాంది మామా."

"తడిగుడ్డకే టీవీ చెడిపోతాదని ఏ తెలివి తక్కువోడు చెప్పినాడు?"

ఆమె నన్నే చూసింది. "నువ్వే గదన్నా. బిగించిన దినం."

చెప్పాను. హెచ్‌డీ గాజు మామా, లోపల లక్షల కండ్లుంటాయి, నీటిచుక్క తగిలితే ఒక్కొక్కటే గుడ్డిదైపోతుంది అని. ప్రతి ఇంట్లోనూ చెప్పేవాణ్ణి. దానివల్ల నన్ను మొహందిస్ అని, అంటే ఇంజనీరని పిలిచేవాళ్ళు, కుర్చీ వేసి చాయ్ ఇచ్చేవాళ్ళు.

"నేనొచ్చి నాలుగేండ్లాయె," అంది రెడ్డెమ్మ. "అప్పుడు పాపకు పది నెలలు. ఇప్పుడు ఫోన్ జేస్తే, ఎవురు అని అడుగుతాది."

మిద్దె మీదికి పోయాను. ఆ ఛానల్ వచ్చే ఫ్రీక్వెన్సీని మీటర్లో మళ్ళీ వెతికించాను. బిగించిన రోజు నా పుస్తకంలో ఆ ఫ్రీక్వెన్సీ మీద రెండే ఛానళ్ళని రాసుకున్నాను. ఇప్పుడు ఏడు వచ్చాయి. రంజాన్ సీరియళ్ళ కోసం కొత్తవి ఎక్కించినట్టున్నారు. పండగ పోయినా వాటిని దించలేదు.

శాటిలైట్లో ఒక్కో ఫ్రీక్వెన్సీకి ట్రాన్స్‌పాండర్ అని ఒకటి ఉంటుంది. అది మోయగలిగే బరువు ఇంతేనని ముందే కొలిచి ఉంటుంది. అందులో ఒక్కో ఛానల్‌కు సెకనుకు దక్కే వాటాను బిట్‌రేట్ అంటాం. పక్కన ఇంకా ఛానళ్ళు ఎక్కేకొద్దీ హెచ్‌డీ వాటా తరిగిపోతుంది. వార్తలు చదివే మనిషి కదలడు కాబట్టి ఆయనకు కొంచెం చాలు. ఫుట్‌బాల్లో క్షణక్షణానికీ బొమ్మంతా మారుతుంది. వాటా చాలకపోతే గళ్ళు గళ్ళే. దీన్ని బాగుచేసేది ఛానల్ వాళ్ళే. డిష్ ఎంత తిప్పినా నా వల్ల కాదు.

అయినా బుద్ధి పోతుందా. గాలికి డిష్ వంగిందని చెబుదామనుకున్నాను. కానీ వంగిన డిష్‌ను సరిచేశానంటే బొమ్మ బాగవ్వాలి కదా. అన్నేళ్ళూ నా అబద్ధాలన్నిటినీ చివరికి నా చేతులే, సామాను బాగుచేసి, కాపాడాయి. ఈసారి చేతులకు పని లేదు.

కిందికి దిగి మామాకు చెప్పాను. "మీ టీవీ బాగుంది, తప్పు ఛానల్ వాళ్ళది. ఒక పళ్ళెం మచ్‌బూస్ అన్నం ఇద్దరు తిన్నప్పుడు కడుపు నిండింది. ఇప్పుడు అదే పళ్ళెం చుట్టూ ఏడుగురు కూర్చున్నారు."

"మరి నీళ్ళు తగిలి కండ్లు పోతాయన్నావే."

"అది అబద్ధం మామా. గొప్పకు చెప్పాను."

"ఆ రోజు అబద్ధం చెప్పినవాడివి, ఈ రోజు నిజం చెబుతున్నావని ఏమి నమ్మకం? నీ ఊరి మనిషని చెబుతున్నావేమో."

"రెడ్డెమ్మా, గుడ్డ తడిపి గట్టిగా పిండి తీసుకురా," అన్నాను. ఆమె కదల్లేదు. మామా తలాడించాక తెచ్చింది. టీవీ ఆపి, నాలుగు మూలలూ తుడిచాను. ఆరనిచ్చి, వేరే ఫ్రీక్వెన్సీలో ఒంటెల పందెం వస్తుంటే అది పెట్టాను. ఒంటెలు దౌడు తీస్తున్నాయి. మెడ మీద బొచ్చు, కాళ్ళ కింద లేచే దుమ్ము, అన్నీ విడివిడిగా కనిపించాయి. మ్యాచ్ ఛానల్ పెడితే మళ్ళీ ఇటుకముక్కలు.

మామా నా చేతిలో రిమోటు లాక్కుంది. ఒంటెలు, మ్యాచ్, ఒంటెలు, మ్యాచ్. నాలుగైదుసార్లు తిప్పి తిప్పి చూసింది. బయట కార్లు ఆగుతున్న చప్పుడు. మామా పైకి పోయి పాస్‌పోర్టు తెచ్చి రెడ్డెమ్మ చేతిలో పెట్టింది. 

"పెట్టె సర్దుకో," అని, నా వైపు తిరిగి, "నువ్వు ఇంక ఈ గడప తొక్కొద్దు," అంది.

రెడ్డెమ్మ పాస్‌పోర్టు తెరిచి తన ఫోటో చూసుకుంది. కొంగులో ముడేసుకుని నాతో గేటు దాకా వచ్చింది. "నిన్నేమనాలో తెలీదు పోన్నా," అంది. తిట్టిందో మెచ్చుకుందో నాకిప్పటికీ తెలియదు.

ఆ సందులో ఆ ఇంటివాళ్ళ చుట్టాలవి ఇంకో నాలుగిళ్ళుండేవి. ఒక్కరూ మళ్ళీ నాకు ఫోన్ చేయలేదు.

కోతలు కోయడం నేనిప్పటికీ మానలేదు. నా గురించి ఎన్నైనా కోస్తాను. సామాను గురించి మాత్రం ఉన్నదే చెబుతాను, ఎందుకంటే నేను తలుపు దాటి వచ్చాక ఆ మాటతో బతకాల్సింది ఇంకొకరు. అందుకే టీవీ బిగించగానే, ఆ ఇంట్లో దుమ్ము తుడిచే మనిషి ఎవరో అడిగి పిలిపిస్తాను. ఎలా తుడవాలో చూపించి, యజమానురాలి కళ్ళముందే ఆ మనిషి చేత ఒకసారి తుడిపిస్తాను. ఆ తర్వాతే రసీదు మీద సంతకం అడుగుతాను.