మూడుసార్లు తిరిగొస్తే తీసెయ్యి

ఆ గుండెజబ్బుల ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు జీతాల పట్టీలో తప్ప మరెక్కడా కనపడదు. అందరికీ టపాలమ్మే. పాతికేళ్ల క్రితం రికార్డుల గదిలో చేరినప్పుడు రోగులకు వెళ్లే ఉత్తరాల మీద చిరునామాలు చేత్తో రాసేది. ఉత్తరం తిరిగొస్తే పోస్టుమాన్ దాని మీద ఏం రాశాడో చూసేది. ‘తలుపు తాళం’ అని ఉంటే వారం ఆగి మళ్లీ పంపేది. ‘ఈ పేరు గలవారు లేరు’ అని ఉంటే పేరు కొట్టేసేది. ఆ రెంటికీ ఉన్న తేడా ఆవిడకు తెలిసినంత బాగా ఆ భవనంలో ఎవరికీ తెలియదు. తెలియనివాళ్లు చేసిన తప్పయితే పోనీలే అని సరిపెట్టుకోవచ్చు.

తర్వాత కాగితాలు పోయి మెయిళ్లు వచ్చాయి. రోగులు పదకొండు వేలమంది. వారం వారం వాళ్లకు మందుల సంగతులు, పరీక్షల తేదీలు పంపే పని టపాలమ్మకే అప్పగించారు. మొదటిసారి అన్నీ ఒక్క ఊపున వదిలారు. అవతలి మెయిలు కంపెనీలు ఇదేదో దొంగ వ్యవహారమనుకుని సగానికి సగం చెత్తలోకి తోసేశాయి. దాంతో రెండొందల చొప్పున, నడుమ కాస్త వ్యవధి ఇస్తూ పంపడం నేర్చుకుంది. తిరిగొచ్చేవి ఎక్కువైనా ఆ కంపెనీలకు అనుమానమేనట. “నూటికి రెండు దాటకూడదు,” అని సూపరింటెండెంటు గీత గీశాడు.

సర్వర్ చూసుకునే ఇంజనీరమ్మ వచ్చి అడిగింది.

“తిరిగొచ్చేవాటిని ఏం చేయమంటారు టపాలమ్మగారూ?”

“మూడుసార్లు తిరిగొస్తే తీసెయ్యి.”

“ఎందుకు తిరిగొచ్చినా సరేనా? కొన్ని అసలు లేని చిరునామాలు. కొన్ని అవతలివాళ్ల మెయిలు పెట్టె నిండిపోయి తిరిగొస్తాయి, అంతే.”

“కారణాలు చూస్తూ కూర్చుంటే తెల్లారినట్టే. తీసెయ్యమ్మా.”

నిమిషంలో తేలిపోయింది. తిరిగొచ్చేవి నూటికి ఒకటికి దిగాయి. సూపరింటెండెంటు మీటింగులో ఆవిడ పనితనం గురించి రెండు ముక్కలు చెప్పాడు. ఇన్నేళ్లలో ఎవరైనా అలా మెచ్చుకోవడం అదే మొదలు. పాపం, పొంగిపోయింది.

ఆ పదకొండు వేలమందిలో ఆవిడ అక్క కూడా ఉంది. అమ్మ పోయాక ఆ ఇంట్లోని కుట్టుమిషను ఎవరిదన్న దగ్గర మాటా మాటా పెరిగి, అక్కాచెల్లెళ్లకు నాలుగేళ్లుగా మాటల్లేవు. కుట్టుమిషను కోసం కూడా తోబుట్టువులు విడిపోతారా అంటే, నిక్షేపంగా విడిపోతారు. పెద్దదానికి పంతం, చిన్నదానికి అంతకు రెండింతలు. అయినా టపాలమ్మకు ఒక రహస్యం ఉండేది. మెయిలు తెరిచినవాళ్ల పట్టీ కంప్యూటర్లో వస్తుంది. ప్రతి వారం అందులో అక్క పేరు వెతుక్కునేది. కనబడితే ‘బాగానే ఉందన్నమాట’ అనుకుని టీ తాగడానికి లేచేది.

నాలుగు నెలల క్రితం ఆ పట్టీలో అక్క పేరు కనిపించడం మానేసింది. ఒక వారం చూసింది, రెండు వారాలు చూసింది. ‘నేను పంపేదని తెరవడం కూడా మానేసిందా! దాని పొగరు దానిది,’ అనుకుంది. ఆ రోజంతా అన్నం సయించలేదు. ఆ తర్వాత వెతకడమే మానుకుంది.

ఇంతలో పిడుగులాంటి కబురు వచ్చింది. రక్తం పలచబడటానికి ఇచ్చే మాత్రల్లో ఒక విడత పాడైంది, ఉండాల్సినదానికి మూడింతలు మందు అందులో ఉంది, ఎవరూ వేసుకోకూడదు, వెంటనే అందరికీ తెలియాలి. టపాలమ్మ పొద్దున్న కూర్చుని సాయంత్రానికి పంపడం ముగించింది. మధ్యలో ఒకసారి చెయ్యి ఫోను మీదికి పోయింది. అక్క వేసుకునేది ఆ మాత్రే. ‘మెయిలు వెళ్తుందిగా. మామూలు మెయిలు తెరవకపోయినా ఇది తెరవకుండా ఉంటుందా? నేనే ఎందుకు తగ్గాలి?’ అనుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. పంపినవన్నీ చేరాయని, ఒక్కటీ తిరిగి రాలేదని రిపోర్టు వచ్చింది. సూపరింటెండెంటు స్వయంగా ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి భుజం తట్టాడు.

నాలుగో రోజు పొద్దున్న బావ ఫోను చేశాడు. మెదడులో రక్తస్రావమై అక్కను అదే ఆసుపత్రిలో చేర్చారట.

“ఆ మాత్ర వేసుకోవద్దని పంపాం కదా బావా!” అని అరిచింది టపాలమ్మ.

“మాకేం రాలేదమ్మా. నాలుగు నెలలుగా మీ ఆసుపత్రి మెయిలే రావట్లేదు. అప్పట్లో మనవడి ఫొటోలతో పెట్టె నిండిపోయి ఓ నెలరోజులు ఏవీ రాలేదు. తర్వాత ఖాళీ చేశాను. మీ అక్క వారం వారం చూసేది. చెల్లెలు కావాలనే నా పేరు తీసేయించిందని ఏడ్చేది. నేనే సర్దిచెప్పేవాణ్ని.”

టపాలమ్మ ఫోను పెట్టేసి, తీసేసిన పేర్ల పట్టీ తెరవమని ఇంజనీరమ్మను పిలిచింది. నాలుగువందల పన్నెండు పేర్లున్నాయి. వాటిలో అక్క పేరుంది. ఎదురుగా ‘పెట్టె నిండింది’ అని మూడుసార్లు రాసి ఉంది. పోస్టుమాన్ భాషలో చెప్పాలంటే, తలుపు తాళం.

గుండె అక్క మంచం దగ్గరికి లాగుతోంది. మిగతా నాలుగువందల పదకొండుమంది సంగతేమిటి? ముందు ఫోను తీసింది. ఇద్దరూ చెరొక సగం పంచుకుని వరసగా చేశారు. ఎత్తినవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, మంచం పట్టినవాళ్లు. పెట్టె శుభ్రం చేసుకునే ఓపిక ఉన్నవాళ్లే ఇన్నాళ్లూ జాబితాలో మిగిలారు. ఎవరికి కబురు అందరికన్నా ముందు అందాలో వాళ్లే రాలిపోయారు. పదిహేడుమంది ఆ మాత్ర ఇంకా వేసుకుంటున్నారు. ఒక పెద్దాయన నోట్లో వేసుకోబోతున్న మాత్రను పక్కన పెట్టి, “చల్లగా ఉండు తల్లీ,” అన్నాడు. ఆ దీవెన ఆవిడకు చెంపదెబ్బలా తగిలింది.

ఫోన్లు అయ్యాక వార్డుకు వెళ్లింది. అక్కకు కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఎడమ కన్ను మాత్రం తెరుచుకుని ఉంది. చెల్లెల్ని చూసినా ఆ కన్ను కదల్లేదు.

“నీ పేరు నేను కావాలని తీయించలేదక్కా,” అంది టపాలమ్మ, వెక్కుతూ.

బావ తలెత్తాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు. “మరి ఎవరు తీశారమ్మా?”

నిండిపోయిన పెట్టె, మెయిలు కంపెనీలు, సూపరింటెండెంటు గీసిన గీత, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేసింది.

“నేనే బావా. అక్క పేరని చూసి తీయలేదు. అసలు చూడకుండానే తీశాను.”

అక్క కన్ను మూసుకుంది. విని మూసుకుందో, అలసి మూసుకుందో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు.