మా అక్క రాసిన పరీక్షలు

విశ్వవిద్యాలయం వాళ్ళు తమ దగ్గర చదువుకుని పేరు తెచ్చుకున్నవాళ్ళ మీద ఒక లావుపాటి పుస్తకం వేస్తున్నారు. అందులో మా అన్నయ్యకి నాలుగు పేజీలు. చూపు లేకుండా చదువుకుని జడ్జి అయిన మనిషి, ఇవ్వాల్సిందే. "చెల్లెలిగా మీరు కూడా ఆయన చిన్నతనం గురించి ఒక పేజీ రాసివ్వండి" అని అడిగితే రాసిచ్చాను. పద్ధతిగానే రాశాను, ఎక్కడా నోరు పారేసుకోలేదు. రాస్తున్నంతసేపూ మాత్రం నా కళ్ళముందు అక్కే ఉంది. అక్క పోయి రెండేళ్ళయింది. ఎంతో ఆశపడ్డ డిగ్రీ లేకుండానే పోయింది. తన గురించి నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు.

మేం ముగ్గురం. అన్నయ్య, ఏడాది తేడాతో అక్క, ఆ తర్వాత అమ్మానాన్నలకి మళ్ళీ తీరిక దొరికినప్పుడు నేను. నాన్న బేకరీలో రొట్టెలు కాల్చేవాడు. ఆ బేకరీ మీదే మా రెండు గదులు. కింద పొయ్యి పుణ్యమా అని చలికాలం దుప్పట్లతో పనిలేదు, ఎండాకాలం నేలమీద కాలు పెట్టే వీల్లేదు. అన్నయ్యకి పదకొండో ఏట పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ చూపు పట్టుకుపోయింది. అమ్మ గోడకి జారబడి ఏడుస్తుంటే, అక్క వెళ్ళి అన్నయ్య పాఠం పుస్తకం తెచ్చి, మంచం పక్కన కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టిందట. చదవమని ఎవరూ చెప్పలేదు. పదేళ్ళ పిల్లకి అప్పుడు తోచిన పని అది. ముప్పై ఏళ్ళకి పైగా దాన్ని ఆపడం మరి కుదరలేదు.

అన్నయ్య మంచం మీద వెల్లకిలా పడుకుని వినేవాడు. అర్థం కాకపోతే మంచం పట్టీ మీద వేలితో కొట్టేవాడు, అక్క వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివేది. చరిత్ర పాఠమైతే మాత్రం అక్క తనంతట తనే మధ్యలో ఆగిపోయేది.

"అంత సైన్యం పెట్టుకుని ఆ రాజు ఎందుకు పారిపోయాడంటావు అన్నయ్యా? నాకేదో తేడాగా ఉంది."

"ముందు చదవవే తల్లీ! రాజుగారి సంగతి తర్వాత చూద్దాం, రేపు పరీక్ష" అని అన్నయ్య పడుకునే దణ్ణం పెట్టేవాడు.

అక్కకి చరిత్ర పిచ్చి అలా పట్టింది. పెద్దయ్యాక ఆ విశ్వవిద్యాలయంలోనే చేరి, డిగ్రీలో చరిత్ర చదువుతానని అందరికీ చెప్పేది. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. ఎప్పుడన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు.

పరీక్షల్లో అన్నయ్య చెబుతుంటే రాయడానికి ఒక మనిషి కావాలి. దానికో నిబంధన ఉంది. రాసిపెట్టే మనిషి చదువు, పరీక్షకి కూర్చున్న మనిషి చదువుకంటే ఒక మెట్టు తక్కువుండాలి. లేకపోతే ఒకరి తెలివికి ఇంకొకరికి మార్కులు పడతాయి. న్యాయమైన మాటే, నేను తప్పుపట్టను. అన్నయ్య పదిలో ఉండగా అక్క తొమ్మిది, సరిపోయింది. అన్నయ్య డిగ్రీ మొదటి ఏడు, అక్క పన్నెండు, అదీ సరిపోయింది. ఆ ఏడే అక్క పన్నెండు ప్యాసై, చరిత్రలో కాలేజీ మొత్తానికి మొదట నిలిచి, విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకుంది. అప్పుడు ఆఫీసులో చెప్పారు, డిగ్రీలో చేరితే ఇక డిగ్రీ పరీక్షలకి రాసిపెట్టడం కుదరదని.

వేరే మనిషిని పెట్టి చూడకపోలేదు. బేకరీ యజమాని మేనకోడలు ఒక పరీక్ష రాసిపెట్టింది. అన్నయ్య చెప్పే వేగానికి ఆ అమ్మాయి సగం మింగేసింది. మార్కులు చూసి అన్నయ్య తిండి ముట్టలేదు. ఇక నేనున్నాను గాని, నేను బొత్తిగా చిన్నదాన్ని, పైగా నా రాత కోడి కెలికినట్టుండేది. పెద్దయ్యాక కూడా అది బాగుపడలేదు కాబట్టి నన్నెవరూ రమ్మనలేదు. నా డిగ్రీ నేను దర్జాగా చదువుకున్నాను.

"రెండేళ్ళే కదే" అంది అమ్మ అక్కతో. "వాడికి కళ్ళు లేవు. నీకన్నీ ఉన్నాయి. నీ చదువెక్కడికి పోతుంది?"

అక్క సీటు వదులుకుంది. రెండేళ్ళయ్యాక అన్నయ్య లాలో చేరాడు. లా కూడా డిగ్రీ లెక్కేనన్నారు, ఇంకో మూడేళ్ళు. ఆ తర్వాత జడ్జీల పరీక్ష. దానికీ రాసిపెట్టేవాళ్ళు డిగ్రీ గడప తొక్కి ఉండకూడదు. అది ఒక పట్టాన తేలక, మూడోసారికి గాని గట్టెక్కలేదు. మధ్యలో అక్కకి ఒక సంబంధం వచ్చింది. బస్సు డిపోలో మెకానిక్, నెమ్మదైన మనిషి, అక్కంటే ఇష్టపడ్డాడు. పరీక్షయ్యాక చూద్దామంది అక్క. అతను మొదటిసారి ఆగాడు, రెండోసారీ ఆగాడు. మూడోసారికి అతనికి కూతురు పుట్టింది. "పోనీలే, మంచి పని చేశాడు" అంది అక్క. అని, ఆ సాయంత్రమంతా తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చుంది. వద్దని చేతిలోది లాక్కోబోతే కసిరింది.

చెప్పి రాయించే పరీక్షని అందరితో కలిపి హాల్లో పెట్టరు. మాటలు మిగతావాళ్ళకి వినిపిస్తాయి కదా. వరండా చివర విరిగిన బల్లలు పడేసే గది ఒకటి ఇచ్చేవారు. అన్నయ్య ఒక వాక్యం చెప్పేవాడు. అక్క దాన్ని పెదాల మీద తిరిగి అనుకుంటూ రాసేది. ఆ గొణుగుడు ఆగిందంటే రాయడం అయిందని గుర్తు, అన్నయ్య తర్వాతి వాక్యం అందుకునేవాడు. ఇద్దరి మధ్యా అది ఊపిరి తీసినంత తేలిగ్గా సాగిపోయేదట.

ఒకసారి చరిత్ర పేపర్లో అన్నయ్య కంగారుపడి ఇద్దరు రాజుల్ని తారుమారు చేసి చెప్పాడు. అక్కకి తెలుసు. తెలిసీ చెప్పింది చెప్పినట్టే రాసి, ఇంటికొచ్చి ఒకటే ఏడుపు.

"చెవిలో చిన్న మాట ఊదితే నీ సొమ్మేం పోయేదే?" అని అమ్మ విసుక్కుంది.

"నేనక్కడ ఉత్త చెయ్యినమ్మా. చేతికేం తెలియకూడదు. నాకు తెలిసింది కాగితం మీదికి రాకూడదు."

అంత నిష్ఠ మా ఇంట్లో ఇంకెవరికీ లేదు. తనకి తెలిసింది కాగితం మీదికి రాకుండా అక్క అన్నేళ్ళూ కాపలా కాసింది.

అన్నయ్య జడ్జి అయ్యాడు, పేపర్లకెక్కాడు. మంచి జడ్జి అని పేరు కూడా తెచ్చుకున్నాడు. అబద్ధం చెప్పకూడదు, ఆ పేరు కష్టపడి సంపాదించుకున్నదే. ఒక సన్మాన సభలో "మా చెల్లెలు నాకు తన చెయ్యి అరువిచ్చింది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అక్క కూడా కొట్టింది. నేను కొట్టలేదు, నా చేతిలో టీ కప్పు ఉంది. లేకపోయినా కొట్టేదాన్ని కాదు.

ఇక ఇప్పుడన్నా అక్క చదువుకుంటుందనుకున్నాను. తీరా చూస్తే జడ్జి చదవాల్సిన కాగితాలు విద్యార్థి చదివేవాటికంటే ఎక్కువట. రోజూ సాయంత్రం కేసు కట్టలు ముందేసుకుని అక్క చదివేది, అన్నయ్య కుర్చీ చేతి మీద వేలితో కొట్టేవాడు. అమ్మ మంచాన పడితే ఆ చాకిరీ కూడా అక్కే చేసింది. చివరికి కాగితాన్ని పైకి చదివి వినిపించే మిషను ఒకటి వచ్చింది. "ఇక నువ్వు హాయిగా ఉండవే" అన్నాడు అన్నయ్య. మనస్ఫూర్తిగానే అన్నాడు. అప్పటికి అక్కకి నలభై మూడు.

వారం తిరక్కుండానే మా ఇంటికొచ్చింది, మొహం వెలిగిపోతూ.

"డిగ్రీకి కట్టాను. చరిత్ర. క్లాసులకి వెళ్ళక్కర్లేదట, ఇంట్లో చదువుకుని పరీక్ష రాస్తే చాలట."

"ఈ వయసులోనా! పరీక్ష హాల్లో అందరూ ఆంటీ, ఆంటీ అంటారు చూసుకో."

"అననీ. నేను కూడా వాళ్ళని పేపరు రాసే మొహాలేనా మీవి అంటాను" అని నవ్వింది. ఆ నవ్వు నేను చిన్నప్పుడు చూసిందే.

ఏడాదిపాటు అక్క చదవడం చూడాలి! అలవాటు చొప్పున పైకే చదివేది, మంచం మీద వినేవాళ్ళెవరూ లేకపోయినా. రాజులతో పోట్లాడేది. నేను కూరగాయలు తరుగుతుంటే వంటింటి గుమ్మంలో కూర్చుని సంధులూ యుద్ధాలూ నా మీద గుమ్మరించేది. "ఇప్పుడు ఎంతసేపు ఆగినా ఎవరూ తొందరపెట్టరే" అనేది. అక్క అంత సుఖంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

మొదటి పేపరు రోజు నేనూ వెంట వెళ్ళాను. పాత భవనం వరండాలో పేరుపొందిన విద్యార్థుల ఫోటోలు వరసగా తగిలించి ఉన్నాయి, చివర్లో అన్నయ్యది. అక్క ఆగి చూసి, "కాలరు మడతపడింది, ఎవరూ చెప్పలేదు కాబోలు" అని సర్దబోయి, అద్దం తగిలి చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత హాల్లోకి వెళ్ళింది. బడి వదిలాక అందరితో కలిసి నిశ్శబ్దంగా పరీక్ష రాయడం ఆమెకి అదే మొదలని అప్పుడు నాకూ తట్టలేదు, ఆమెకీ తట్టలేదు. కాలేజీ పరీక్షలు రాసింది గదా అంటారేమో, అక్కడ గొణుక్కున్నా పట్టించుకునేవాళ్ళు ఉండేవారు కారు, ఇంకా చేతికి అంత అలవాటూ పడలేదు.

గంట కొట్టాక అందరికంటే చివర వచ్చింది. మా వంటింట్లో కూర్చున్నాక చెప్పింది.

"తెలియని ప్రశ్న ఒక్కటీ లేదే. మొదటి వాక్యం పైకి అనుకుంటూ రాశాను. ఇన్విజిలేటరు అమ్మాయి వచ్చి, 'మాట్లాడకూడదమ్మా, పక్కవాళ్ళకి ఇబ్బంది' అంది. సరేనని నోరు మూసుకున్నాను. నోరు మూస్తే చెయ్యి ఆగిపోయింది."

"ఆగిపోవడమేంటి?"

"ఆగిపోయింది. బుర్రలో అంతా ఉంది, చేతిలోకి దిగదు. ఎవరో చెబుతారని చూస్తోంది, వెర్రిముండది."

నవ్వబోయింది. నవ్వు సగంలో ఎటో పోయింది. నేను లేచి పొయ్యి వైపు తిరిగాను, ఏడుస్తుంటే చూస్తుందని.

రెండో పేపరుకి ముందు ఇంట్లో సాధన చేయించాను. తలుపులేసి, నోటికి రుమాలు కట్టుకోమని, రాయి అన్నాను. రెండు వరసలు నడిచేది. తర్వాత రుమాలు వెనక పెదాలు కదిలేవి, ఆపమంటే కలమూ ఆగేది. రెండో పేపర్లో అర పేజీ రాసింది. ఆ డిగ్రీ మొత్తం మీద అక్క తన కోసం తను రాసుకున్నది అంతే.

ఇక ఉండబట్టలేక అన్నయ్యకి చెప్పేశాను. పాపం, విన్న మర్నాడే వచ్చాడు.

"ఇంతోటిదానికి దిగులెందుకు? వేరే గది ఇప్పిస్తే సరి, నాకిచ్చేవారుగా. పదండి, నేనడుగుతాను."

ముగ్గురం పరీక్షల ఆఫీసుకి వెళ్ళాం. గుమాస్తా అన్నయ్యని చూసి గబుక్కున లేచి, కుర్చీలు వేయించాడు. ఫోటోలోని మనిషి ఎదురుగా నిలబడితే ఎవరైనా లేస్తారు. అన్నయ్య సంగతంతా చెప్పాడు.

"దానికేం భాగ్యం సార్, తమరు ఇంతదూరం రావాలా? లోపం ఉన్నవాళ్ళకి వేరే గది ఇస్తూనే ఉన్నాం. మేడమ్‌గారికి ఏ లోపమని రాసుకోమంటారు?"

అడిగిన తీరులో ఏ తప్పూ లేదు. అన్నయ్య అక్క ఉన్న వైపు తిరిగాడు.

"చూపు ఏమన్నా..." అని గుమాస్తాయే సాయం చేయబోయాడు.

"బాగానే ఉంది" అంది అక్క.

"వినికిడి?"

"బాగా వినిపిస్తుంది."

"పోనీ, చేతికేమన్నా?"

అక్క తన కుడిచెయ్యి ఒకసారి చూసుకుంది. "ఏమీ లేదు బాబూ. నాకే లోపమూ లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "రాసుకోండి! అన్నయ్య ఉన్నాడని రాసుకోండి!" అన్నాను.

గదిలో అందరూ పని ఆపి చూశారు. "నోర్ముయ్యవే" అంది అక్క. నన్ను ఆ మాట అనడం అదే మొదలు. అన్నదానికి నేను ఆ రోజు బాధపడలేదు, ఇప్పుడూ పడను. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అనాల్సిన మాటే అది.

అన్నయ్య మెల్లగా లేచి చెయ్యి చాపాడు. అక్క తన భుజం అందించింది. వరండాలో ఇద్దరూ ముందు, నేను వెనక. కొంతదూరం నడిచాక అన్నయ్య అడిగాడు, నాకు వినిపించకూడదన్నట్టు గొంతు తగ్గించి.

"అది అన్నది నిజమేనా?"

కాదనెయ్యి అక్కా, అని మనసులో దణ్ణం పెట్టుకున్నాను. అన్నది నేనే, కానీ అప్పుడు అన్నయ్య మొహం చూడలేకపోయాను. అక్క పుట్టి బుద్ధెరిగాక అన్నయ్యకి ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించడమే గాని, ఒక్క ముక్క మార్చి చెప్పిన మనిషి కాదు.

"మెట్లొచ్చాయి అన్నయ్యా" అంది. "కాలు జాగ్రత్త."